నీళ్ళ రుచి తెలిసిన సేఠ్

మా భజన మండలి వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో వచ్చింది. తాపీ నదిలో మోకాళ్ళ లోతు దిగి, వెండి చెంబుతో పాలు పోస్తున్న ఫోటో. దాని చుట్టూ ఎవరో పూలదండ బొమ్మ అతికించి, కింద "జలభక్తుడికి అశ్రునివాళి" అని రాశారు. శనివారం సంతాప సభ పెడుతున్నామనీ, ఆయన గురించి నాలుగు మంచి మాటలు నేనే చెప్పాలనీ మండలి పెద్దలు ఫోన్ చేశారు.

సూరత్‌లో మగ్గాలు నడుపుకొని బతికే మా తెలంగాణ వాళ్ళ మధ్య శనివారం శనివారం పురాణం చదివి అర్థం చెప్పేవాణ్ణి నేను. ఎవరు పోయినా మంచి మాటలు చెప్పే పని నాకే వస్తుంది. కాదనకుండా చెప్పాను కూడా, ఇన్నేళ్ళూ. తాగి పోయినవాళ్ళలోనూ, పెళ్ళాన్ని కొట్టినవాళ్ళలోనూ ఏదో ఒక మంచి వెతికి పట్టుకున్నాను. ఈసారి చెప్పనన్నాను. చెప్పగలిగింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు. నగరంలోని ఖటోదరాలో బట్టల మిల్లులో రంగులు కలిపే రోజుల్లో 'మాస్టర్' అనేవాళ్ళు. నగరం బయట జోల్వాలో మా లైన్ ఇళ్ళ పక్కన, చెరువు గట్టు మీద ఉన్న రంగుల మిల్లులో భాగస్తుడయ్యాక 'సేఠ్' అయ్యాడు. పాతవాళ్ళెవరైనా నోరు జారి 'మాస్టర్' అంటే వినపడనట్టు ముందుకు నడిచేవాడు. నన్ను మాత్రం 'భక్తుడా' అని పిలిచేవాడు. ఆ పిలుపులో ఉన్న వెటకారం నాకు తెలియదనుకునేవాడు.

ఆయనకొక అలవాటు ఉండేది. ఎక్కడ నీళ్ళు కనిపించినా చిటికెన వేలు ముంచి, నాలుక కొసకు తాకించి, కళ్ళు మూసుకునేవాడు. సంగీతం వినేవాడిలా తల కాస్త ఒరిగేది. తర్వాత తీర్పు వచ్చేది. మిల్లుకు ట్యాంకర్ వస్తే గేటు దగ్గరే ఆపించి నాకి చూసేవాడు.

"గీ నీళ్ళల్ల ఉప్పున్నది. కపడా మీద మచ్చలు పడుతయి. వాపస్ తీస్కపో."

ట్యాంకర్ డ్రైవర్ బతిమాలేవాడు. ఈయన వేలు తుడుచుకుంటూ లోపలికి పోయేవాడు. బట్టకు మంచి నీళ్ళు కావాలి. అందులో ఆయన రాజీ పడడం నేనెన్నడూ చూడలేదు. పెళ్ళిళ్ళలో గ్లాసు అందుకొని, ఒక చుక్క నాకి, తిరిగి పళ్ళెంలో పెట్టేవాడు. చివరికి గుడిలో తీర్థం కూడా అలాగే. ఒకసారి పురాణం అయ్యాక నేను ఉద్ధరిణెతో చేతిలో పోస్తే, మిగతావాళ్ళు కళ్ళకద్దుకుంటున్న చోట ఈయన చప్పరించి, "బోరు నీళ్ళు గదా భక్తుడా? దేవునికి గిసొంటి నీళ్ళా? రేపటి సంది నేను పంపిస్త" అన్నాడు. పంపించాడు కూడా. ఆ నీళ్ళ డబ్బా మీద ఆయన మిల్లు పేరు పెద్ద అక్షరాలతో ఉండేది. దాన్ని దేవుడికి కనపడేలా పెట్టమని పూజారికి చెప్పాడట.

నీళ్ళ మంచిచెడులు ఆయనకు తెలియవని రేపు ఎవరైనా అంటే నమ్మకండి. మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అందుకే ఆయన మీద నాకు జాలి కలగడం లేదు.

తాపీ మాత పుట్టినరోజున సూరత్ జనం నదికి చీర కడతారు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవల మీద చీర పరిచి నదికి సమర్పిస్తారు. ఆ రోజు ఆయన మా మండలిని బస్సులో తీసుకుపోయేవాడు. మేము భజన చేస్తుంటే ఆయన నీళ్ళలో దిగి, కెమెరా ఎటు ఉందో చూసుకొని, అటు తిరిగి పాలు పోసేవాడు. ఆ చీరకు రంగు ఆయన మిల్లులోనే వేయించేవాడు. ఆ రంగు కడిగిన నీళ్ళు మిల్లు వెనక గోడ కింద ఉన్న గొట్టంలోంచి మా చెరువులోకి వచ్చేవి. చెరువు నిండితే ఖాడీలోకి, అంటే సముద్రపు పోటు వచ్చిపోయే ఆ పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి తాపీ కలిసే ఆ సముద్రంలోకే. తల్లికి చీర పెట్టి, ఆ చీర ఉతికిన మురికి తల్లి నోట్లోనే పోయడం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

ఒకసారి బస్సులో తిరిగి వస్తూ ఆ మాట అడిగాను. ఆయన నవ్వాడు.

"పారే నీళ్ళకు మైల లేదని మొన్న పురాణంల నువ్వే చెప్తివి గద భక్తుడా! సముద్రం ఎంత పెద్దది. గింత రంగుతోని దానికేమయితది?"

"నీళ్ళల్ల ఉమ్మినా దోషమని గూడ అదే దినం చెప్పిన సేఠూ. నువ్వు అప్పుడు ఫోన్ మాట్లాడుతున్నవు."

బస్సులో వాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, అందరికంటే పెద్దగా. తర్వాత కొన్నాళ్ళు గుడికి నీళ్ళ డబ్బా రాలేదు.

ఇక మా చెరువు సంగతి. అది జోల్వా ఊరిది. మేము అద్దెకు వచ్చిన కొత్తలో అందులో బర్రెలు మునిగేవి, గట్టు మీద కొంగలు వాలేవి. మా ఆడవాళ్ళు అక్కడే బట్టలు ఉతికేవారు. అంతకంటే ముఖ్యంగా, మా ఆడవాళ్ళు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో బతుకమ్మను సాగనంపడానికి ఉన్న నీళ్ళు అవొక్కటే. నా భార్య రాజమణి కొత్త కోడలిగా వచ్చిన ఏడాది నుంచి ఆ చెరువులోనే బతుకమ్మను వదిలింది. పూలు నీళ్ళలో వదిలాక, పైన పెట్టిన పసుపు గౌరమ్మను ఆ నీళ్ళతోనే కలిపి, పుస్తెలకు పూసుకొని, పక్కనున్న ఆడవాళ్ళకు పూసి, ఇంటికి తెచ్చి నా చెంపకు కూడా ఒకింత రాసేది. ఆమెకు పండుగంటే అదే. మిగతాదంతా దానికోసం చేసే పని.

మిల్లు పెద్దదైనకొద్దీ చెరువు రంగులు మార్చడం మొదలుపెట్టింది. "ఇయ్యాల నీలం నడుస్తుంది", "ఇయ్యాల మెరూన్ నడుస్తుంది" అని పొద్దున పళ్ళు తోముకుంటూ మావాళ్ళు చెరువు చూసి చెప్పుకునేవాళ్ళు. ముందు కొంగలు రావడం మానేశాయి. తర్వాత బర్రెలు. నీళ్ళలో దిగిన ఆడవాళ్ళకు కాళ్ళు మండేవి, మడమలు పగిలేవి. తనిఖీకి ఎవరైనా కారులో వచ్చే రోజు మాత్రం గొట్టం ఎండిపోయి ఉండేది. గట్టిగా మాట్లాడేవాళ్ళు మాలో లేరా అంటే ఉన్నారు. కాని ప్రతి ఇంట్లోనూ ఆ మిల్లులో పనిచేసే కొడుకో అల్లుడో ఉన్నాడు. అందువల్ల ఆ మాట ఇల్లు దాటేది కాదు.

ఒక ఏడాది సద్దుల బతుకమ్మ సాయంత్రం జరిగింది చెప్పాలి. ఆ ఏడాది ఖర్చంతా సేఠ్‌దే. గట్టు మీద స్టేజీ, లైట్లు, అమ్మవారి బొమ్మ కంటే పెద్ద ఆయన బొమ్మ. తెలంగాణ నుంచి బస్సులో తెప్పించిన తంగేడు పూలు. ఆడవాళ్ళు ఆడిపాడి, ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగారు. మాకు రెండిళ్ళ అవతల ఉండే సరిత అనే కొత్త కోడలు గౌరమ్మను తమలపాకులో పెట్టుకొని చెరువు నీళ్ళతో తడిపింది. తడిపి, కెవ్వుమంది.

పసుపు ఎర్రబడింది. మందార పువ్వు నలిపినట్టు ఆమె అరచెయ్యంతా ఎరుపు. పక్కనున్నవాళ్ళు తమ గౌరమ్మలను తడిపి చూశారు. అవీ ఎర్రబడ్డాయి. పాటలు ఆగిపోయాయి. కొందరు భయంతో ఆకు వదిలేశారు, కొందరు చేతులు జోడించారు.

సేఠ్ స్టేజీ దిగి వచ్చాడు. సరిత చెయ్యి చూశాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలింది. నేను దగ్గరే ఉన్నాను, చూశాను. తెలిసినవాడి ముఖం అది. మరుక్షణం మైకు అందుకున్నాడు.

"అమ్మలారా, చెల్లెల్లారా! భయపడకుండ్రి! అమ్మవారు పసుపు రూపం ఇడిచి కుంకుమ రూపం ఎత్తింది! మన జోల్వా చెరువుల అమ్మ వెలసింది! ఇది మహిమ! పుస్తెలకు పెట్టుకోండ్రి, పిల్లలకు పెట్టుండ్రి!"

జనం "జై" అన్నారు. డప్పులు మోగాయి. ఎవరో అప్పటికే వీడియో తీస్తున్నారు.

దేవుడు లేడనేవాళ్ళతో నేను చాలాసార్లు మాట్లాడాను. వాళ్ళ మీద నాకు కోపం రాదు, వాళ్ళు వెతుకుతున్నారనుకుంటాను. ఈ మనిషి వేరు. రోజూ పొద్దున దేవుడి పేరు చెప్పుకొని లేచి, ఆ పేరును తన గొట్టం మూతికి గుడ్డలా చుట్టాడు. నేను కదలబోయాను. అంతకు ముందే రాజమణి నీళ్ళలోంచి గట్టెక్కింది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి.

"సేఠన్నా, ఒక్క మాట. పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది. దిష్టి నీళ్ళు గట్లనే జేస్తం. ఇండ్లల్ల పిల్లలకు దిష్టి తీసే ప్రతి ఆడిదానికి ఎరుకనే. గిందుల మహిమ ఏడున్నది? నీ మిల్లు నీళ్ళల్ల సున్నమసొంటి సోడా ఉన్నది."

ఆడవాళ్ళలో ఒక గుసగుస పుట్టింది. అవునవును, దిష్టి నీళ్ళే అన్నది ఒక ముసలమ్మ. బట్టలకు రంగులు వేసే మనిషి, ఏది ఎందుకు ఎర్రబడుతుందో బతుకంతా చూసిన మనిషి, పసుపు గురించి ఆడవాళ్ళకు అబద్ధం చెప్పాలనుకున్నాడు. అంత తెలివైనవాడు ఆ ఒక్క చోట తప్పటడుగు వేశాడు. మా ఆడవాళ్ళ వంటింట్లోకి ఆయన ఎప్పుడూ తొంగి చూడలేదు మరి.

"చెల్లే, అమ్మవారి మీద అనుమానం మంచిది గాదు" అన్నాడు మైకులో, గొంతు పెంచి. "కళ్ళు పోతయి."

"అమ్మ మీద నాకు అనుమానం లేదన్నా. నీ మీదనే." రాజమణి రెండు చేతులూ చెరువులో ముంచి దోసిలి నింపుకొని ఆయన ముందుకు వచ్చింది. "ఏ నీళ్ళయినా నాకి చెప్తవు గద నువ్వు. గుడిల తీర్థానికి గూడ పేరు పెడితివి. మహిమ నీళ్ళైతే జర నాలుక మీద ఏసుకో. ఒక్క సుక్క. నువ్వు నాకినంక మేమంత పుస్తెలకు పెట్టుకుంటం."

డప్పులు ఆగాయి. అందరూ ఆయన చిటికెన వేలినే చూస్తున్నారు. ఆ వేలు ఎంత తొందరగా నీళ్ళలోకి పోతుందో అందరికీ తెలుసు. ఆ రోజు అది పిడికిట్లోనే ఉండిపోయింది.

"నేను ఇయ్యాల ఉపాసం ఉన్న" అన్నాడు.

"నీళ్ళకు ఉపాసమేంది సేఠూ!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వు గట్టు పొడవునా పాకింది. ఆయన మైకును ఎవరి చేతిలోనో పెట్టి కారు దగ్గరికి పోయాడు. పోతూ పోతూ, నీళ్ళు తగలని చేతినే రుమాలుతో తుడుచుకున్నాడు.

ఆ రాత్రి రాజమణి పుస్తెలకు గౌరమ్మను పూసుకోలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి. ఎర్రబడిన పసుపును ఆకుతో సహా ఇంటి బయట మట్టిలో పూడ్చి వచ్చింది. సరిత అరచెయ్యి కొన్నాళ్ళు పొక్కులెక్కి మానింది.

ఇంత జరిగాక గొట్టం మూసుకుంటుందని మేము అమాయకంగా అనుకున్నాం. మరుసటి ఏడాది పండుగకు చెరువు చుట్టూ కర్రలు కట్టి ఉన్నాయి. ఒక బోర్డు వేలాడుతోంది: "చెరువును కాపాడుదాం. పూలు, పసుపు వేసి నీటిని పాడుచేయకండి." పక్కన నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి. దానిలో ట్యాంకర్ నీళ్ళు. అవి సేఠ్ స్వయంగా నాకి చూసి పోయించినవట. పర్యావరణాన్ని కాపాడుతున్నందుకు ఆ సాయంత్రమే ఆయనకు శాలువా కప్పారు. కప్పుతున్నప్పుడు గోడ కింద గొట్టం మెరూన్ వదులుతోంది. బంతి పూల వల్ల చెరువు పాడైందట! నేను శాలువాలు కప్పే సభలు చాలా చూశాను. శాలువాకే సిగ్గు వేసి ఉంటుందని అనిపించిన సభ అదొక్కటే.

"తొట్టిల ఏస్తవా వదినే?" అని సరిత అడిగింది.

"సాగనంపుడంటే చెరువుల గావాలె. గిది బట్టలు నానబెట్టే తొట్టి" అంది రాజమణి. బతుకమ్మను మళ్ళీ ఇంటికే తెచ్చుకుంది. పూలు పళ్ళెంలోనే వాడిపోయాయి. అప్పటి నుంచి ప్రతి ఏడూ అంతే. పేరుస్తుంది, ఆడుతుంది, ఇంటికి తెస్తుంది. ఆ చెరువు ఎప్పటికైనా బాగుపడుతుందని ఆమె పట్టుబట్టి ఎదురుచూస్తోంది.

ఆయన పోయింది గుండె ఆగి. మిల్లులోనే, ట్యాంకర్ పక్కన అన్నారు. మూడో రోజు పిట్టకు పెట్టడానికి నన్ను పిలిచారు. చనిపోయినవాడికి ఇష్టమైనవి వండి, విస్తరిలో నీళ్ళ ఒడ్డున పెట్టి, కాకి ముట్టేదాకా కనిపెట్టుకొని ఉండడం మా ఆచారం. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఆ కోరిక ఏమిటో ఊహించి తీరుస్తామని మాటిస్తే, అప్పుడు కాకి వస్తుంది. సంతాప సభలో మాట్లాడనన్న నేను దీనికి మాత్రం పోయాను. శవం మీద నాకు కోపం లేదు. రాజమణి కూడా వచ్చింది.

కరీంనగర్ నుంచి వచ్చిన ఆయన అన్నకు ఇక్కడి సంగతులు తెలియవు. "తమ్మునికి సొంత మిల్లు, ముంగట చెరువు ఉండంగ ఇంకెక్కడికి పోతం? గట్టు మీదనే పెట్టుండ్రి" అన్నాడు. పెట్టారు. విస్తరిలో మటన్, గారెలు, చిన్న గ్లాసులో మందు. శనివారాలు ఉపవాసం ఉండే జలభక్తుడికి ఇష్టమైనవి ఇవని ఆ రోజే తెలిసింది. పెద్దాయన చెంబు పట్టుకొని చెరువులో ముంచబోతే పెద్దకొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"పెదనాయినా, ఆ నీళ్ళు వద్దు." మూత తియ్యని సీసా అందించాడు.

కూర్చున్నాం. ఎండ పెరిగింది. కాకి రాలేదు. కాకే కాదు, పిచ్చుక కూడా రాలేదు. విస్తరి మీద ఈగ కూడా వాలలేదు. పెద్దాయన నోటికి చేతులడ్డం పెట్టుకొని "కా, కా" అని పిలిచాడు. ఖాళీ నీళ్ళ మీద ఆ పిలుపు తిరిగి వచ్చింది.

"తమ్మీ, చిన్నోని పెండ్లి మంచిగ జేస్తం. ఫికర్ జెయ్యకు" అన్నాడు ఆకాశం కేసి చూస్తూ. ఏమీ లేదు. "మిల్లు మంచిగ నడిపిస్తం బాపూ" అన్నాడు పెద్దకొడుకు. ఏమీ లేదు. పై ఇద్దరు కొడుకుల పెళ్ళాలూ ఇక కొట్లాడబోమని మాటిచ్చారు. కూతురు ఏడుస్తూ, నీ పేరు మీద గుడిల అన్నదానం జేస్తమంది. ఆకాశం శుభ్రంగా ఉంది. అందరూ చెమటలు కక్కుతున్నారు.

రాజమణి అప్పటిదాకా దూరంగా నిలబడి ఉంది. దగ్గరికి వచ్చింది.

"అన్నీ అడుగుతున్నరు. చెరువుల మురికి ఇడువమని ఒక్క మాట అడుగుతలేరు. గది మొక్కుండ్రి."

"మంచి మాటనే గదరా!" అన్నాడు పెద్దాయన ఆశగా. "అను బిడ్డా. కాకి వస్తది."

పెద్దకొడుకు గోడ కింది గొట్టాన్ని చూశాడు. ఆ రోజు కూడా అది నడుస్తోంది, పచ్చగా. తండ్రి పోయాడని మిల్లు గేటు మూశారు గాని రంగు ఆగలేదు. తల అడ్డంగా ఊపాడు.

"అది అయ్యే పని గాదు అత్తా. పోయినోని ముంగట నోటితోని గూడ అనలేను."

ఆ ఇంటి మనిషి నోట నేను విన్న మొదటి నిజం అది. రాజమణి చెరువు వైపు ఒకసారి చూసి, కొంగు భుజాన కప్పుకొని ఇంటి దారి పట్టింది.

మధ్యాహ్నం దాటాక పెద్దాయనకు కళ్ళు తిరిగాయి. కర్మ మధ్యలో ఆపకూడదు, కాకి ముట్టకుండా ఇంటికి పోకూడదు. చివరికి విస్తరిని కారులో పెట్టుకొని కాకిని వెతుక్కుంటూ బయల్దేరారు. నేను వెనక సీట్లో కూర్చొని, ఒలకకుండా మందు గ్లాసు పట్టుకున్నాను. పల్సానా దారిలో హైవే పక్కన పెద్ద చెత్తకుప్ప ఉంది. ఊళ్ళో మురికంతా అక్కడే పోస్తారు. దాని మీద నల్లగా వందల కాకులు. కారు ఆపి, ముక్కులు మూసుకొని, విస్తరిని కుప్ప అంచున పెట్టారు. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోకముందే ఒక కాకి వచ్చి మటన్ ముక్క ఎత్తుకుపోయింది. దాని వెనక పది.

"తృప్తి పడ్డడు నా తమ్ముడు" అని పెద్దాయన చేతులు జోడించి ఏడ్చాడు.

నేనూ చేతులు జోడించాను. శాస్త్రం మీద నాకు నమ్మకముంది. ఆయనకు తృప్తి ఎక్కడ దొరికిందో కాకి చూపించింది, దాన్ని కాదనడానికి నేనెవణ్ణి? సంతాప సభలో ఈ మాట చెప్పమంటే చెప్తాను.